కృత్రిమ డిస్కు ఎంత అరుగుతుంది? గోదావరి డెల్టా ప్రయోగశాలలకు ఒక సమగ్ర మార్గదర్శి

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పాడైనప్పుడు దాని స్థానంలో పెట్టే కృత్రిమ డిస్కు అరుగుదల పరీక్షలో చివరికి మనం కొలిచేది కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. ఆ కాస్త కొలత కోసం డిస్కును వంచి తిప్పే యంత్రం రాత్రింబవళ్లు 116 రోజులు తిరగాలి. ప్రయోగశాలకు వచ్చినవాళ్ల చూపు యంత్రం మీదే నిలుస్తుంది. ఖర్చంతా దానికే, చర్చంతా దాని గురించే. నా దృష్టిలో ఈ పరీక్ష నిలిచేదీ కూలేదీ తూకం గదిలో. మిల్లీగ్రామును నమ్మకంగా కొలవలేని చోట ఎంత గొప్ప యంత్రం ఉన్నా ఫలితం లేదు.

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్, వైద్య కళాశాలల్లో ఈ పరీక్ష చేపట్టాలనుకునే అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. రోజంతా నడుము వంచి నాట్లు వేసే ఆడవాళ్లు, కొబ్బరి దింపు తీసేవాళ్లు, చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్లు ఉన్న ప్రాంతం మనది. వెన్నునొప్పి ఉన్న ప్రతివారికీ కృత్రిమ డిస్కు పెట్టరు, పెట్టకూడదు కూడా. అయినా పెట్టవలసి వచ్చిన మనిషి శరీరంలో అది దశాబ్దాల పాటు కదులుతూ ఉంటుంది. దాన్ని ముందుగా ప్రయోగశాలలో అరగదీసి చూడటం ఆ మనిషికి మనం చెల్లించవలసిన బాకీ.

పరీక్షకు వచ్చే వస్తువును ముందు తెలుసుకోండి

స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ తొలిరోజుల్లో వెన్నుపూసల మధ్య ఉక్కు గుండ్లు పెట్టి చూశారు. అవి మెల్లగా ఎముకలోకి దిగబడిపోయాయి. ఆ తరువాత బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో కర్ట్ షెల్నాక్, కరిన్ బ్యూట్నర్-యాంజ్ రూపొందించిన డిస్కును 1984లో మొదటిసారి రోగికి అమర్చారు. బ్యూట్నర్-యాంజ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ స్వర్ణాలు గెలిచిన క్రీడాకారిణి. వెన్నెముక ఎంత వంగగలదో తన ఒంటితోనే తెలుసుకున్న మనిషి ఆ ఎముకల మధ్య కదిలే కీలును ఊహించడం నాకు ఎప్పటికీ నచ్చే విషయం. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఆ డిస్కుకు 2004లో అనుమతి ఇచ్చింది.

ఇలాంటి డిస్కుల్లో చాలావాటికి పైనా కిందా కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు పలకలు, మధ్యలో అత్యధిక అణుభారం గల పాలిథిలిన్ (ఒక రకం ప్లాస్టిక్) ముక్క ఉంటాయి. లోహం మీద లోహం కదిలేవి, పాలియురెథేన్ గుజ్జుభాగం ఉన్నవి కూడా ఉన్నాయి. మీ చేతికి వచ్చిన డిస్కు ఏ రకమో దాన్ని బట్టి శుభ్రం చేసే పద్ధతి, తూకం, రేణువుల విశ్లేషణ అన్నీ మారతాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా పాలిథిలిన్ రకాన్నే తీసుకుంటున్నాను.

పాలిథిలిన్ అరిగితే కీలు వదులవుతుందన్నది సమస్యలో చిన్న భాగమే. అరిగి రాలిన పొడి ఎక్కువ ప్రమాదం. ముఖ్యంగా 0.1 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉండే రేణువులను మన ఒంట్లోని మాక్రోఫేజ్ కణాలు మింగుతాయి, జీర్ణం చేసుకోలేవు, వాపు కలిగించే రసాయనాలు విడుదల చేస్తాయి. ఆ వాపు చుట్టుపక్కల ఎముకను కరిగిస్తుంది. అందుకే ఎంత అరిగింది అన్న ప్రశ్న వెంట ఎంత సైజు పొడి రాలింది అన్న ప్రశ్న కూడా వస్తుంది.

మొదటి అడుగు: ప్రమాణాన్ని ఎంచుకోవడం

రెండు పత్రాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ఓ 18192-1, మరొకటి అమెరికా ప్రమాణాల సంస్థ వెలువరించిన ఏఎస్‌టీఎం ఎఫ్2423. రెండింటిలో ఒకటి ఎంచుకుని పరీక్ష పూర్తయ్యే వరకు దానికే కట్టుబడండి. సగం ఇక్కడిది, సగం అక్కడిది కలిపితే మీ ఫలితాన్ని ప్రపంచంలో మరే ఫలితంతోనూ పోల్చలేరు.

ఐఎస్ఓ ప్రకారం నడుము డిస్కు 6 డిగ్రీలు ముందుకు వంగి, 3 డిగ్రీలు వెనక్కి వాలాలి. పక్కలకు అటూ ఇటూ 2 డిగ్రీలు, మెలికకు అటూ ఇటూ 2 డిగ్రీలు. ఈ కదలికలన్నీ జరుగుతుండగా బరువు 600 నుంచి 2000 న్యూటన్ల మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 2000 న్యూటన్లు అంటే సుమారు 200 కిలోలు. మెడ డిస్కు కదలిక ఎక్కువ, మోసే బరువు తక్కువ: ముందూ వెనకా 7.5 డిగ్రీలు, పక్కలకు 6, మెలికకు 4, బరువు 50 నుంచి 150 న్యూటన్లు. వేగం సెకనుకు ఒక సైకిల్, అంటే కదలికలన్నీ కలిసిన ఒక పూర్తి చుట్టు. మొత్తం కోటి సైకిళ్లు. ఏఎస్‌టీఎం దారి వేరు. అక్కడ నడుము డిస్కు మీద 1200 న్యూటన్ల స్థిరమైన బరువు ఉంటుంది, వంపుల కోణాలు కూడా పెద్దవి.

నా సలహా ఐఎస్ఓ వైపే. కారణం బరువులు, కోణాలు కాదు. కదలికలు ఒకదానితో ఒకటి కలిసే తీరు.

కదలికలు ఒకదాన్నొకటి అడ్డంగా కోయాలి

ఈ ఒక్క విషయం అర్థం కాకపోతే నెలల పరీక్ష వృథా అవుతుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పాలిథిలిన్ పొడవాటి అణు గొలుసుల పదార్థం. దాని మీద లోహం ఎప్పుడూ ఒకే దిక్కున జారితే పై పొరలోని గొలుసులు ఆ దిక్కుకే తిరిగి సర్దుకుంటాయి. కోనసీమ కొబ్బరి తాడును పొడవునా లాగితే తెగదు, అడ్డంగా రాపిడి తగిలితే పీచు పీచుగా లేస్తుంది. పాలిథిలిన్ ఉపరితలం ప్రవర్తన అచ్చంగా అదే. ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ జారినప్పుడు అరుగుదల చాలా తక్కువ కనిపిస్తుంది. ఆ గీతను అడ్డంగా కోసే కదలిక చేరగానే అరుగుదల ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనిషి వెన్ను ఎప్పుడూ ఒకే గీత మీద కదలదు. ముందుకు వంగుతూనే పక్కకు వాలుతుంది, లేస్తూనే మెలి తిరుగుతుంది.

అందుకే ఐఎస్ఓ పద్ధతిలో ముందుకు వంగే కదలికకూ పక్కకు వాలే కదలికకూ మధ్య పావు సైకిల్ తేడా పెట్టారు. యంత్రం దగ్గరకు వెళ్లకముందే దీన్ని కాగితం మీద చూసుకోవచ్చు. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో 0 నుంచి 1 సెకను వరకు వందో వంతు సెకను చొప్పున కాలం రాయండి. రెండో వరుసలో ముందు-వెనుక కోణం: 1.5కు, 4.5 రెట్లు సైన్ (2π × కాలం) విలువ కలపండి. మూడో వరుసలో పక్క కోణం: 2 రెట్లు కొసైన్ (2π × కాలం) విలువ. రెండో వరుసను అడ్డంగా, మూడోదాన్ని నిలువుగా పెట్టి గీస్తే కోడిగుడ్డు ఆకారపు దీర్ఘవృత్తం వస్తుంది. ఇప్పుడు కొసైన్ తీసేసి సైన్ పెట్టి చూడండి. దీర్ఘవృత్తం ముడుచుకుపోయి గీత అవుతుంది. కోణాలు అవే, బరువు అదే, సైకిళ్ల సంఖ్య అదే. పరీక్ష మాత్రం పాలిథిలిన్‌ను తేలిగ్గా వదిలేసే పరీక్ష అయిపోతుంది.

మన మెకానికల్ విభాగాల్లో పిన్-ఆన్-డిస్క్ యంత్రాలు ఉంటాయి. తిరిగే పళ్లెం మీద ఒక సూదిమొన ఒకే దిక్కున రాసుకునే యంత్రమది. రాపిడి గురించి విద్యార్థులకు చెప్పడానికి మంచిది. దాని మీద వచ్చిన పాలిథిలిన్ అరుగుదల సంఖ్యను చూపించి ఈ పదార్థం వెన్నుకు సరిపోతుందని రాసే ప్రాజెక్టు నివేదికలను నేను ఒప్పుకోలేను. ఒకే దిక్కు రాపిడి ఈ పదార్థానికి పరీక్షే కాదు.

ఈ కదలికలన్నీ చేసే పూర్తిస్థాయి సిమ్యులేటర్ కొనడం ఒక్క కళాశాల వల్ల అయ్యేది కాదు. పక్కనే విశాఖపట్నంలో ఏపీ మెడ్‌టెక్ జోన్ ఉంది. వైద్య పరికరాల పరీక్షా సదుపాయాలను ఒకచోట చేర్చడం దాని ఉద్దేశాల్లో ఒకటి. యంత్రం పని బయట చేయించి, నానబెట్టడం, తూకం, రేణువుల విశ్లేషణ మన దగ్గర చేసుకోవడం కూడా గౌరవమైన పద్ధతే. ఆ పనులే కష్టమైనవి కాబట్టి నేర్చుకోవలసినవి కూడా అవే.

రెండో అడుగు: నమూనాలు, వాటితో పాటు ఒక తోడు

తిరిగే నమూనాలు ఆరు, తోడు నమూనా ఒకటి. ఇంతకంటే తగ్గితే సగటుకు అర్థం ఉండదు. తోడు నమూనా కదలదు. మిగతావాటిలాగే అదే ద్రవంలో, అదే వేడిలో, అదే బరువు కింద కూర్చుంటుంది. ఎందుకంటే పాలిథిలిన్ ద్రవాన్ని పీల్చుకుని బరువెక్కుతుంది. తిరిగిన నమూనా ఒకవైపు అరిగి తేలికవుతూ మరోవైపు ద్రవం పీల్చి బరువెక్కుతుంది. తోడు నమూనా లేకపోతే ఈ రెండింటినీ విడదీసే దారి లేదు. అరుగుదల చాలా తక్కువగా ఉన్న డిస్కు బరువు పెరిగినట్లు తూకంలో కనిపించడం కూడా సాధ్యమే.

రోగికి వెళ్లే డిస్కు ఎలా ఉంటుందో నమూనా అలాగే ఉండాలి. గామా కిరణాలతో శుద్ధి చేసేదైతే నమూనాకూ అదే శుద్ధి జరగాలి. గాలిలో గామా శుద్ధి చేసిన పాలిథిలిన్ నెమ్మదిగా ఆక్సీకరణకు గురై పెళుసెక్కుతుంది, ఆక్సిజన్ లేని సంచిలో చేసినదానికి నిల్వలో ఆ మార్పు చాలా తక్కువ. కాబట్టి శుద్ధి ఏ వాతావరణంలో జరిగిందో, ఏ బ్యాచో రాసుకోకుండా నమూనా పెట్టె విప్పకండి. అనేక సైజులు ఉన్నప్పుడు తొందరగా అరిగే అవకాశం ఉన్న సైజును ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో కారణం రాయండి.

మూడో అడుగు: నానబెట్టడం

పరీక్ష మొదలుకాకముందే నమూనాలన్నిటినీ పరీక్ష ద్రవంలో నానబెట్టాలి. మొదటి 48 గంటల తరువాత తీసి, కడిగి, ఆరబెట్టి, తూచి మళ్లీ ద్రవంలో వేయండి. ఆ తరువాత 24 గంటల్లో పెరిగిన బరువు, అప్పటిదాకా మొత్తం పెరిగిన బరువులో పదో వంతు కంటే తక్కువయ్యే వరకు ఇలా కొనసాగించండి. దీనికి రోజులు కాదు, వారాలు పట్టవచ్చు. తొందరపడి యంత్రంలో పెడితే మొదటి 5 లక్షల సైకిళ్ల లెక్క మొత్తం నీటి లెక్కతో కలగలిసిపోతుంది.

నాలుగో అడుగు: సీరం

కీళ్లలో సహజంగా ఉండే ద్రవానికి దగ్గరగా ఉండేందుకు దూడ సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) అయాన్లు తీసేసిన నీటితో పలుచన చేసి వాడతారు. ప్రోటీన్ ఎంత ఉండాలన్నది ప్రమాణాన్ని, దాని ముద్రణను బట్టి లీటరుకు 20 నుంచి 30 గ్రాముల మధ్య ఉంటుంది. మీ దగ్గరున్న ప్రతిలోని అంకెనే పాటించండి. నీళ్లు వాడితే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. సరిపోదు. నీళ్లలో పాలిథిలిన్ లోహానికి అంటుకుని పొరలా బదిలీ అవుతుంది, అరిగే తీరే మారిపోతుంది. అది శరీరంలో జరిగేది కాదు.

సీరం ఎంత కావాలో ముందే లెక్క వేసి, మొత్తం ఒకే బ్యాచ్ నుంచి తెప్పించుకోండి. యంత్రంలో నమూనా కూర్చునే ఒక్కో చిన్న గదిలో 100 మిల్లీలీటర్లు పడుతుందనుకుందాం. ఏడు గదులు, ప్రతి 5 లక్షల సైకిళ్లకు ద్రవం మార్పు, అంటే మొదటిదానితో కలిపి 20 సార్లు. మొత్తం 14 లీటర్ల పలుచని ద్రవం. లీటరుకు 20 గ్రాముల చొప్పున 280 గ్రాముల ప్రోటీన్. తెచ్చిన సీరంలో లీటరుకు 60 గ్రాములు ఉంటే 4.7 లీటర్లు కావాలి. ఒలికిపోయేవీ పారబోసేవీ కలుపుకుని 6 లీటర్లు తెప్పించండి.

దాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి. రొయ్యల ఎగుమతి వల్ల మన జిల్లాల్లో గడ్డకట్టించే వ్యవస్థ, ఆ బాక్సుల రవాణా తెలిసిన మనుషులు ఉన్నారు. చాలా ఊళ్లకు లేని సౌకర్యమిది, వాడుకోండి. వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా కరగనివ్వాలి. వేడినీళ్లలో పెడితే ప్రోటీన్ విరిగి తెల్లటి తునకలు తేలతాయి. ఆ ద్రవం ఇక పనికిరాదు.

పలుచన చేసే నీటి విషయంలో ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో భూగర్భజలం ఉప్పన. క్యానుల్లో అమ్మే తాగునీటిలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. అయాన్లు తీసే యూనిట్ నుంచి వచ్చిన నీరు మాత్రమే వాడి, దాని విద్యుత్ వాహకతను వాడిన ప్రతిసారీ కొలిచి రాయండి. కాల్షియం లోహం మీద పెచ్చుగా కట్టకుండా ఈడీటీఏ కలుపుతారు, లీటరుకు 20 మిల్లీమోల్స్ సాధారణ మోతాదు.

సీరం కుళ్లకుండా సోడియం అజైడ్ కలపడం చాలా ప్రయోగశాలల్లో అలవాటు. అది తీవ్రమైన విషం. ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. సింకులో పారబోస్తే రాగి, సీసపు గొట్టాల్లో పేలే గుణమున్న లవణాలు ఏర్పడతాయి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, వాడిన ద్రవాన్ని విడిగా సీసాల్లో పట్టి, రేణువుల విశ్లేషణ కూడా పూర్తయ్యాక రసాయన వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు ఇవ్వాలి. మన మురుగు కాలువల్లో పడి చివరికి చెరువుల్లో చేరుతుంది కాబట్టి ఇందులో మినహాయింపు లేదు.

ఐదో అడుగు: తూకం గది

0.01 మిల్లీగ్రాము వరకు చూపించే తక్కెడ ఉండాలి. దాన్ని ఎక్కడ పెడతారన్నది అంతకంటే ముఖ్యం. డెల్టా నేల మెత్తటి ఒండ్రు, బంకమన్ను. రోడ్డు మీద ధాన్యం లారీ వెళితే గోడలు వణికే భవనాలు మన దగ్గర ఎన్నో. నేల అంతస్తులో, రోడ్డుకు దూరంగా ఉన్న గది తీసుకుని, విడిగా పునాది వేసిన ఇటుక దిమ్మెల మీద మందపాటి గ్రానైట్ పలక వేయించి దాని మీద తక్కెడ పెట్టండి. ఆ పలక గోడకు తగలకూడదు. ఏసీ గాలి తక్కెడ వైపు కొట్టకూడదు.

గాలి వల్ల వచ్చే తేడాను చాలామంది పట్టించుకోరు. గాలి కూడా వస్తువును కాస్త పైకి తేలుస్తుంది. 3 ఘన సెంటీమీటర్ల పాలిథిలిన్ ముక్క తీసుకుందాం. ఫిబ్రవరిలో గది 24 డిగ్రీలు, మే నెలలో ఏసీ సరిగా లేక 30 డిగ్రీలు అనుకోండి. గాలి సాంద్రత సుమారు 2 శాతం తగ్గుతుంది. దానివల్ల ఒక్కదానివల్లే తూకంలో సుమారు 0.06 మిల్లీగ్రాముల తేడా వస్తుంది. మొత్తం నాలుగైదు మిల్లీగ్రాములు కొలిచే పరీక్షలో ఇది చిన్న తేడా కాదు. అందుకే తూకం గదిలో ఉష్ణోగ్రత, తేమ, వాతావరణ పీడనం ప్రతిసారీ రాయాలి. నానబెట్టకుండా పొడిగా దాచిన అదే సైజు ముక్కను ప్రతి తూకంలోనూ పక్కన తూచుకుంటే గాలి ప్రభావం దానిలోనే బయటపడుతుంది.

శుభ్రం చేసే వరుస ఎన్నడూ మారకూడదు. మొదట నీటి ధార కింద సీరం పోగొట్టి, అల్ట్రాసోనిక్ తొట్టిలో అయాన్లు లేని నీటితో, తరువాత డిటర్జెంటుతో, మళ్లీ నీటితో కడగాలి. వడపోసిన నైట్రోజన్ ఊది ఆరబెట్టాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5 నిమిషాలు ముంచి తీసి మళ్లీ నైట్రోజన్ ఊదాలి. ఆపైన వాక్యూమ్ గదిలో కనీసం 30 నిమిషాలు ఉంచాలి. తొట్టిలో ఎన్ని నిమిషాలు, ఆల్కహాల్‌లో ఎన్ని నిమిషాలు అన్నది మొదటి రోజు ఎంతో పదకొండో తూకం రోజూ అంతే. తోడు నమూనాకు కూడా అదే స్నానం. మర్దనా చేసినట్లు గుడ్డతో తుడవకండి. ఉపరితలం మీద మీరు చేసే గీత కూడా అరుగుదలే.

తూచేటప్పుడు ఒక్కో నమూనాను వరుసగా మూడుసార్లు తూచేయడం కంటే, అన్నిటినీ ఒకసారి తూచి మళ్లీ మొదటినుంచి రావడం మంచిది. తక్కెడ మెల్లగా జరిగిపోతుంటే రెండో పద్ధతిలో వెంటనే కనిపిస్తుంది. రెండు చుట్ల మధ్య తేడా 0.1 మిల్లీగ్రాము దాటితే నమూనా ఇంకా ఆరలేదనే అర్థం, ముఖ్యంగా వానాకాలంలో. పట్టుకారుతోనే పట్టుకోవాలి. ఒక వేలిముద్ర కూడా పదుల మైక్రోగ్రాములు తూగుతుంది.

ఆరో అడుగు: అమర్చడం

డిస్కు తిరిగే కేంద్రం యంత్రం అక్షాలు కలిసే బిందువు మీదే ఉండాలి. అది రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు తప్పినా జారవలసిన ఉపరితలం మీద ఒకవైపు నెట్టుడు మొదలవుతుంది. డిస్కు గీత చిత్రం నుంచి కేంద్రం ఎత్తును తీసుకుని అమరికను దానికి తగ్గట్టు తయారు చేయించండి. మూడు కోణాలను యంత్రం ఏ వరుసలో తిప్పుతుందో కూడా చూడండి. ముందు వంచి తరువాత మెలిపెట్టడం, ముందు మెలిపెట్టి తరువాత వంచడం ఒకే దారి కాదు.

ఏడో అడుగు: తిప్పడం, మన వాతావరణంలో

సెకనుకు ఒక సైకిల్ అయితే 5 లక్షలు పూర్తవడానికి 5 రోజుల 19 గంటలు. తూకాలు 5 లక్షలకు ఒకసారి, 10 లక్షలకు ఒకసారి, ఆపైన ప్రతి 10 లక్షలకూ. మొత్తం పదకొండు. ఒక్కో తూకానికి రెండు రోజులు, మధ్యలో ద్రవం మార్చడానికి పూట చొప్పున కలుపుకుంటే దాదాపు ఐదు నెలల పని.

ఐదు నెలలు అంటే మన తీరంలో ఏదో ఒక కాలం అడ్డు తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు తొలిరోజుల వరకు తుపాన్లు. 1996 నవంబరు 6 తుపాను తరువాత కోనసీమ రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడి పెద్దలందరికీ గుర్తే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ. నా మట్టుకు డిసెంబరు చివరలో మొదలుపెట్టడం మేలు. ఎండాకాలానికి ఏసీతో సిద్ధపడవచ్చు, తుపానుకు సిద్ధపడటం కష్టం.

ద్రవం 37 డిగ్రీల దగ్గర, అటూ ఇటూ 2 డిగ్రీలకు మించకుండా ఉండాలి. చల్లటి దేశాల్లో తయారైన యంత్రానికి హీటర్ ఒక్కటే ఉండవచ్చు, అక్కడ చల్లబరిచే అవసరం అంతగా రాదు. రాజమహేంద్రవరంలో మే నెల మధ్యాహ్నం బయట 40 దాటినప్పుడు, రాపిడి వేడి కూడా తోడైతే, హీటర్ ఆపేసినా ద్రవం 39 దాటిపోతుంది. ప్రోటీన్ విరిగే ప్రమాదం పెరుగుతుంది, రాపిడి తీరు మారవచ్చు. చల్లటి నీరు తిరిగే గొట్టపు చుట్టో, గది ఏసీయో తప్పనిసరి.

కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకునే లోపు యంత్రాన్ని నిలబెట్టే యూపీఎస్ ఉండాలి. అంతకంటే ముఖ్యం, సైకిళ్ల లెక్క యంత్రం అక్షం మీది, తిరిగిన కోణాన్ని చదివే ఎన్‌కోడర్ నుంచి రావాలి, గడియారం నుంచి కాదు. ఆగినప్పుడల్లా ఎప్పుడు ఆగింది, ఎన్నో సైకిల్ దగ్గర, ద్రవం ఎంత వేడికి దిగింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది అన్నవి పుస్తకంలో చేత్తో రాయండి. బరువు మీద ఉంచి ఆపేస్తే పాలిథిలిన్ నొక్కుకుపోతుంది. ఆగిన వెంటనే బరువు తగ్గేలా యంత్రాన్ని ముందే సరిచేసుకోండి.

గదుల్లో ద్రవం ఆవిరవుతుంది. మట్టం పడిపోయినప్పుడు అయాన్లు లేని నీరు మాత్రమే పోయండి. ఆవిరయ్యేది నీరే, ప్రోటీన్ లోపలే ఉంటుంది. మళ్లీ సీరం పోస్తే గాఢత పెరిగిపోతుంది. ప్రతి తూకం తరువాత నమూనాలను ఒక స్థానం జరిపి పెట్టండి. ఏదైనా ఒక గది తేడాగా ప్రవర్తిస్తుంటే, ఆ తేడా ఒకే నమూనా మీద పేరుకుపోకుండా ఉంటుంది.

ఎనిమిదో అడుగు: లెక్క

తిరిగిన నమూనా కోల్పోయిన బరువుకు తోడు నమూనా పెరిగిన బరువు కలపాలి. ఉదాహరణకు ఒక మజిలీలో తిరిగిన నమూనా 3.1 మిల్లీగ్రాములు తగ్గింది, తోడు నమూనా 0.9 పెరిగింది అనుకుందాం. అసలు అరుగుదల 4.0 మిల్లీగ్రాములు. పాలిథిలిన్ సాంద్రత ఘన మిల్లీమీటరుకు సుమారు 0.935 మిల్లీగ్రాములు కాబట్టి అరిగిన ఘనపరిమాణం 4.3 ఘన మిల్లీమీటర్లు.

లోహం మీద లోహం కదిలే డిస్కుతో పోల్చేటప్పుడు మిల్లీగ్రాములు పోల్చకండి. కోబాల్ట్-క్రోమియం సాంద్రత 8.3 దరిదాపుల్లో ఉంటుంది. 4 మిల్లీగ్రాముల లోహం అరగ్గా వచ్చేది అర ఘన మిల్లీమీటరు కంటే తక్కువ. ఘనపరిమాణాలే పోల్చాలి.

కోటి సైకిళ్ల మొత్తాన్ని పదితో భాగించి 10 లక్షలకు ఇంత అని రాయడం కూడా సరికాదు. మొదట్లో రెండు ఉపరితలాలు ఒకదానికొకటి సర్దుకునే దశ ఉంటుంది. ఆ దశ దాటిన తరువాతి బిందువుల మీదుగా సరళరేఖ గీసి, దాని వాలునే అరుగుదల రేటుగా ఇవ్వండి. ఆరు నమూనాల రేట్లు విడివిడిగా చూపించండి. సగటు ఒక్కటే రాస్తే, ఐదు బాగుండి ఒకటి విపరీతంగా అరిగిన సంగతి దాగిపోతుంది. రోగికి వెళ్లేది ఆ ఆరోది కూడా కావచ్చు.

డిస్కు ఎత్తు తగ్గడాన్ని అరుగుదలగా లెక్కపెట్టకండి. బరువు కింద పాలిథిలిన్ అణిగి ఎత్తు తగ్గుతుంది, పదార్థం మాత్రం పోదు. ఎత్తును విడిగా నమోదు చేయండి. లోహపు పలకల మీద గీతలను సూక్ష్మదర్శినితో, గరుకుతనాన్ని ప్రొఫైలోమీటర్‌తో మొదట్లో, చివర్లో చూడండి.

తొమ్మిదో అడుగు: రాలిన పొడి

తీసేసిన సీరాన్ని పారేయకుండా, ఎన్నో గది, ఎన్ని సైకిళ్ల నుంచి ఎన్ని సైకిళ్ల వరకు అన్నది రాసి మైనస్ 20 దగ్గర దాచండి. తరువాత దానిలోని ప్రోటీన్‌ను గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో కరిగించి, మైక్రాన్‌లో పదో వంతు కంటే చిన్న రంధ్రాలున్న పాలీకార్బనేట్ వడపోత కాగితం మీద రేణువులను పట్టి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తారు. పాలిథిలిన్‌కు క్షారం ఏమీ చేయదు. లోహపు రేణువులైతే క్షారంలో దెబ్బతింటాయి, వాటికి ఎంజైముల పద్ధతి వాడాలి. ఏఎస్‌టీఎం ఎఫ్1877 ప్రకారం ప్రతి రేణువు సైజు, పొడవు వెడల్పుల నిష్పత్తి, గుండ్రదనం కొలుస్తారు. పరీక్షలో వాడని శుభ్రమైన సీరాన్ని కూడా ఇదే దారిలో నడిపి, దానిలో ఎన్ని రేణువులు కనిపిస్తాయో చూసుకోవాలి. గది దుమ్మును డిస్కు పొడిగా లెక్కపెట్టే ప్రమాదం అప్పుడు తప్పుతుంది.

ఈ పరీక్ష చెప్పలేనివి నివేదికలో రాయండి

మనిషి ఏడాదికి లక్షా పాతికవేల సార్లు గట్టిగా నడుము వంచుతాడన్న ఒక అంచనా ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉంది. ఆ లెక్కన కోటి సైకిళ్లు 80 ఏళ్లు. నాట్ల రోజుల్లో ఉదయం నుంచి సాయంత్రం వరకు వంగే ఉండే మనిషికి ఈ లెక్క వర్తించదు. ఆమె నడుము సెకనుకు ఒకసారి వంగి లేవదు. వంగి, చాలాసేపు అలాగే ఉండి, బరువు కింద మెలి తిరుగుతుంది. ప్రమాణం అడగకపోయినా, వంగిన భంగిమలో గంటల తరబడి బరువు నిలిపి ఉంచే అదనపు దశ ఒకటి మన ప్రయోగశాలలు రూపొందించి ప్రధాన పరీక్ష తరువాత చేయాలని నా కోరిక. ఆ ఫలితాన్ని ప్రధాన ఫలితంతో కలపకుండా విడిగా ఇవ్వాలి.

రోగుల నుంచి తిరిగి తీసిన డిస్కులను పరిశీలించినప్పుడు కొన్నిటి అంచులు ఒకదానికొకటి తగిలి నలిగినట్లు కనిపించాయి. ప్రామాణిక కోణాల్లో తిరిగే పరీక్షలో అంచులు తగలనే తగలవు. అందుకే 2017లో ఐఎస్ఓ 18192 మూడో భాగం వచ్చింది. అది నడుము డిస్కుల అంచు తాకిడి అరుగుదల కోసమే. మీరు చేసింది మొదటి భాగం మాత్రమే అయితే, అంచు తాకిడిని పరీక్షించలేదని నివేదిక మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి. దానితోపాటు ప్రమాణం పేరు, ముద్రణ సంవత్సరం, సీరం బ్యాచ్, ప్రోటీన్ గాఢత, యంత్రం ఆగిన ప్రతి సందర్భం, తోడు నమూనా బరువుల పూర్తి పట్టిక జతచేయండి. నమూనాలను కడిగి, ఆరబెట్టి, సంఖ్య రాసిన సంచుల్లో వెలుతురు తగలకుండా దాచండి. మూడో భాగం పరీక్ష చేయించే అవకాశం వచ్చినప్పుడు, ఈసారి ఏమి చూడాలో ఆ అరిగిన ఉపరితలాలే చూపిస్తాయి.